రమ్మీ, మూడు ముక్కలాట బాగా వచ్చు, పోకర్‌లో మాత్రం ఓడిపోతున్నాను. ఎక్కడ మొదలుపెట్టాలి?

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. డాలస్ వచ్చి ఏడాది కాలేదు. ఆఫీసు స్నేహితులు శనివారం రాత్రి ఒకరింట్లో టెక్సాస్ హోల్డెమ్ అనే రకం పోకర్ ఆడుతుంటే మీరూ కూర్చున్నారు. తప్పనిసరిగా పెట్టే పందేలు (బ్లైండ్లు) 25 సెంట్లు, 50 సెంట్లు. మొదలుపెట్టేది 50 డాలర్ల చిప్స్‌తో. ఆరు శనివారాల్లో ఐదుసార్లు ఓడి, మొత్తం 420 డాలర్లు పోగొట్టుకున్నారు. "ఇంటి దగ్గర రమ్మీలో నన్ను గెలిచేవాళ్లు లేరు, మూడు ముక్కలాట కూడా బాగానే ఆడతాను. ఇక్కడ నా లక్ బాగోలేదా, నాకు ఆట రాదా?" అని అడిగారు. ఆసు-ఆరుతో పోయిన హ్యాండ్ (ఒక పంపకం ఆట) గురించి కూడా రాశారు, దాని దగ్గరికి వస్తాను.

నేను డాలస్ చుట్టుపక్కల ఇలాంటి ఇంటి ఆటల్లోనే పదమూడేళ్లుగా ఆడుతున్నాను. కొత్తగా వచ్చిన మనవాళ్లు చాలామందికి దగ్గర కూర్చోబెట్టుకుని నేర్పాను. వాళ్లందరూ ఇంచుమించు మీరు చేసిన తప్పులే చేశారు, నేనూ చేశాను. కారణం ఒకటే: మనం చిన్నప్పటి నుంచి ఆడిన రెండు ఆటల అలవాట్లు చేతిలో పెట్టుకుని ఈ బల్ల దగ్గర కూర్చుంటాం. అందులో రమ్మీ అలవాట్లు పనికొస్తాయి. మూడు ముక్కలాట అలవాట్లు డబ్బు పోగొడతాయి. మీరు రాసింది చూస్తే మీరు పోకర్‌ని మూడు ముక్కలాటలాగా ఆడుతున్నారు.

ముందు లక్ సంగతి. ఇంటి ఆటలో గంటకు పాతిక హ్యాండ్లు పడతాయి. రాత్రికి ఐదు గంటలు, ఆరు వారాలు అనుకుంటే మీరు చూసినవి 750 హ్యాండ్లు. అది చాలా తక్కువ. 2017 జనవరిలో కార్నెగీ మెలన్ యూనివర్సిటీవాళ్లు తయారుచేసిన లిబ్రాటస్ అనే ప్రోగ్రామ్ పిట్స్‌బర్గ్‌లో నలుగురు ప్రొఫెషనల్ ఆటగాళ్లతో ఆడింది. ఆ పోటీకి పెట్టుకున్నవి 1,20,000 హ్యాండ్లు. గెలుపు అదృష్టం వల్ల కాదని నమ్మకంగా చెప్పాలంటే అన్ని కావాలని వాళ్ల లెక్క. ప్రోగ్రామే గెలిచింది. కాబట్టి 750 హ్యాండ్లు చూసి మీకు లక్ ఉందనీ లేదనీ ఎవరూ చెప్పలేరు. రెండు ఆసులు చేతికి రావడమే 221 హ్యాండ్లకు ఒకసారి, అంటే దాదాపు తొమ్మిది గంటల ఆటకు ఒకసారి. ఒక శనివారమంతా మంచి ముక్క పడకపోవడం చాలా మామూలు విషయం. తప్పు మాత్రం అలా కాదు, ఒక్క హ్యాండ్‌లోనే కనిపిస్తుంది. మీరు ఓడానని రాసిన మూడు హ్యాండ్లలో మూడు తప్పులు కనిపించాయి.

ముందు ఆట తీరు ఒక్క మాటలో: ఒక్కొక్కరికీ రెండు ముక్కలు పంచుతారు, తర్వాత బల్ల మీద అందరికీ కలిపి మూడు ముక్కలు (ఫ్లాప్), ఇంకొకటి (టర్న్), చివరిది (రివర్) తెరుస్తారు, ప్రతి దశలో పందెం ఉంటుంది. మొదటి తప్పు ఏ చేయి దేన్ని కొడుతుందనే వరస గురించి. మీ స్ట్రెయిట్ (ఐదు ముక్కల సీక్వెన్స్) మీద ఎదుటివాళ్ల ఫ్లష్ గెలిచిందని ఆశ్చర్యపోయారు. మూడు ముక్కలాటలో సీక్వెన్స్ పైన, కలర్ కింద. పోకర్‌లో తలకిందులు: ఐదు ముక్కల ఫ్లష్, అంటే మన కలర్, స్ట్రెయిట్‌ని కొడుతుంది. ఇది ఎవరో ఇష్టం వచ్చినట్టు పెట్టిన రూలు కాదు. మూడు ముక్కలతో లెక్కిస్తే 22,100 రకాల చేతుల్లో మామూలు సీక్వెన్సులు 720, కలర్లు 1,096. అరుదైనది సీక్వెన్సే, అందుకే అది పెద్దది. ఐదు ముక్కలకు వచ్చేసరికి 25,98,960 చేతుల్లో ఫ్లష్‌లు 5,108, స్ట్రెయిట్‌లు 10,200. ఇప్పుడు అరుదైనది ఫ్లష్. ఈ కారణం ఒకసారి తలకెక్కితే వరస బట్టీ పట్టక్కర్లేదు. కింది నుంచి పైకి: ఏమీ లేని పెద్ద ముక్క, ఒక జత, రెండు జతలు, మూడు ఒకే రకం, స్ట్రెయిట్, ఫ్లష్, మూడు-రెండు కలిసిన ఫుల్ హౌస్, నాలుగు ఒకే రకం, ఒకే గుర్తు మీద స్ట్రెయిట్ ఫ్లష్.

ఇంకో రెండు చిన్న తేడాలు. ఆసు-రెండు-మూడు మన ఆటలో చాలా పెద్ద సీక్వెన్స్. పోకర్‌లో ఆసు-రెండు-మూడు-నాలుగు-ఐదు అన్నిటికన్నా చిన్న స్ట్రెయిట్. రాణి-రాజు-ఆసు-రెండు-మూడు అని చుట్టూ తిప్పి కలపడం కుదరదు. గుర్తుల్లో కూడా ఎక్కువ తక్కువలు లేవు. ఇస్పేటు ఫ్లష్ అయినంత మాత్రాన కళావరు ఫ్లష్‌ని కొట్టదు, అందులో పెద్ద ముక్క ఎవరిదైతే వాళ్లది గెలుపు.

"బ్లైండ్" అన్న మాట దగ్గర కూడా మనవాళ్లు తికమక పడతారు. మూడు ముక్కలాటలో బ్లైండ్ అంటే ముక్కలు చూడకుండా ఆడటం, దానికి సగం డబ్బే పెట్టే లాభం కూడా ఉంది. పోకర్‌లో బ్లైండ్ అంటే డీలర్ బటన్‌కు (పంపకం ఎవరి వంతో చూపే బిళ్లకు) ఎడమ పక్కనున్న ఇద్దరు ముక్కలు పంచకముందే తప్పనిసరిగా పెట్టే డబ్బు. అది పెట్టేశారు కాబట్టి ఇక మీది కాదు. "50 సెంట్లు పెట్టాను కదా, వదలడమెందుకు" అని బిగ్ బ్లైండ్‌లో, అంటే ఆ ఇద్దరిలో ఎక్కువ పెట్టే సీటులో, ఎవరు పందెం పెంచినా (రైజ్) సమానంగా డబ్బు పెట్టి (కాల్) ఆడుతున్నానని రాశారు. ఆరు వారాల్లో పోయిన 420 డాలర్లలో పెద్ద భాగం అక్కడే పోయి ఉంటుందని నా అంచనా.

ఇక అసలు విషయం. మాది భీమవరం వైపు ఊరు. సంక్రాంతికి అందరూ చేరితే మా పెదనాన్న నూటొక్క పాయింట్ల రమ్మీ ఆడేవారు. ఆయన గెలుపు ఎక్కడుందో నాకు పోకర్ నేర్చుకున్నాకే అర్థమైంది. పదమూడు ముక్కలు సర్దుకుని, జోకర్ లేదు, సీక్వెన్స్‌కి దారి లేదు అనిపిస్తే రెండో ఆలోచన లేకుండా డ్రాప్ అనేవారు. 20 పాయింట్లు రాయించుకుని కాఫీ తాగేవారు. మిగతావాళ్లు "ఒక్క ముక్క తీసి చూద్దాం" అని కూర్చుని, మధ్యలో 40కి డ్రాప్ అయ్యేవారు, లేదా ఎవరో షో చేస్తే 80 ఫుల్ కౌంట్ ఇచ్చేవారు. రాత్రి గడిచేసరికి వాళ్లు అవుట్, ఆయన ఆటలో ఉండేవారు. మీకు రమ్మీ బాగా వచ్చంటే ఈ డ్రాప్ విద్య మీ చేతిలో ఇప్పటికే ఉంది. పోకర్‌లో దాని పేరు ఫోల్డ్. పైగా ఇక్కడ బ్లైండ్‌లో లేనప్పుడు మొదటి ఫోల్డ్‌కి ఒక్క సెంటు కూడా పోదు. రమ్మీలో 20 పాయింట్లు ఇచ్చి చేసే పనిని ఇక్కడ ఉచితంగా చేయనిస్తున్నారు, అయినా మనవాళ్లు చేయరు.

సికింద్రాబాద్‌లోని ఒక క్లబ్బు కేసులో 1967లో సుప్రీంకోర్టు రమ్మీ ప్రధానంగా నైపుణ్యం మీద ఆధారపడిన ఆట అంది. అదే తీర్పులో మూడు ముక్కలాటను పూర్తిగా అదృష్టం మీద నడిచే ఆటకు ఉదాహరణగా చెప్పింది. పోకర్ మాత్రం ఆడేవాళ్లను బట్టి రెండు రకాలుగానూ ఉంటుంది. ముక్క చూసి, సీటు చూసి, లెక్క చూసి వదలడం తెలిసినవాళ్లు ఆడితే రమ్మీలాగా ఉంటుంది. ప్రతి హ్యాండ్‌లో చివరిదాకా కూర్చుంటే అది మూడు ముక్కలాటే.

కొత్తవాళ్లు వంద హ్యాండ్లలో పదిహేను, ఇరవై ఆడితే చాలు. మీరు సగానికి పైగా ఆడుతున్నట్టున్నారు. ఆరుగురు కూర్చున్న బల్ల దగ్గర ముందుగా మాట్లాడాల్సిన సీట్లలో ఉంటే ఏడుల జత దగ్గర నుంచి పై జతలు, ఆసు-రాజు, ఆసు-రాణి, ఆసు-జాకీ, ఒకే గుర్తులో రాజు-రాణి. ఇవి తప్ప మిగతావన్నీ వదిలేయండి. బటన్ మీద, అంటే ఫ్లాప్ తర్వాత అందరికన్నా చివర మాట్లాడే సీటులో ఉండి, మీ ముందు అందరూ ఫోల్డ్ చేసి ఉంటే కాస్త వెడల్పు చేయొచ్చు: ఏ జత అయినా, ఒకే గుర్తులో ఆసుతో ఏ ముక్క అయినా, రాజు-పది, రాణి-జాకీ, ఒకే గుర్తులో పది-తొమ్మిది. ఆడదలిస్తే కాల్ చేసి ఊరుకోకండి, రైజ్ చేయండి. 50 సెంట్ల ఆటలో ఒకటిన్నర డాలర్ సరిపోతుంది. రైజ్‌కి తగనిది అనిపించిన ముక్క ఆడటానికి కూడా తగనిదే అనుకోండి, మొదటి ఆరు నెలలు ఈ ఒక్క నియమం చాలా డబ్బు మిగులుస్తుంది.

రైజ్ ఎందుకో కూడా చెబుతాను, ఎందుకంటే "ఆసుల జత దాచిపెట్టి ఊరికే కాల్ చేశాను, ఐదుగురూ వచ్చారు, చివరికి రెండు జతలవాడు గెలిచాడు" అని మీరు బాధపడ్డారు. రెండు ఆసులు ఏవో రెండు ముక్కలు పట్టుకున్న ఒక్కరి మీద నూటికి 85 సార్లు గెలుస్తాయి. అదే ఐదుగురు చివరిదాకా ఉంటే నూటికి 49 సార్లే. ముక్కలు అవే, గెలుపు సగానికి పడిపోయింది. ఆ ఐదుగురిని మీరే పిలిచి కూర్చోబెట్టారు. పెద్ద జతకు జనం తక్కువ ఉండాలి, డబ్బు ఎక్కువ ఉండాలి. దానికి రైజ్ తప్ప దారి లేదు.

సీటు గురించి మనవాళ్లు అసలు పట్టించుకోరు, మూడు ముక్కలాటలో దానికంత విలువ లేదు కాబట్టి. ఇక్కడ చివర మాట్లాడేవాళ్లకు మిగతా అందరి నిర్ణయాలు ముందే తెలుస్తాయి. ఎవరు చెక్ చేశారు (డబ్బు పెట్టకుండా ఊరుకున్నారు), ఎవరు ఎంత పెట్టారు, ఎవరు తటపటాయించారు అన్నది చూశాక మీ వంతు వస్తుంది. నేను నాలుగేళ్ల కిందట ఒక ఏడాది పాటు ఏ సీటులో ఎంత గెలిచానో రాసుకున్నాను. గెలుపు దాదాపు మొత్తం బటన్ నుంచి, దాని ముందు సీటు నుంచి వచ్చింది. రెండు బ్లైండ్లలో నష్టమే. ఆ పుస్తకం చూశాక బ్లైండ్ సీట్లలో నా ఆట సగానికి తగ్గించాను.

ఇప్పుడు మీ ఆసు-ఆరు. బల్ల మీద ఆసు, పది, నాలుగు, తొమ్మిది, రెండు. ఆసుల జత ఉందని చివరిదాకా కాల్ చేశారు, ఎదుటివ్యక్తి ఆసు-రాణి చూపించారు. "ఇద్దరికీ ఆసుల జతే కదా, సగం సగం రావాలి కదా" అని మీ సందేహం. పోకర్‌లో ఏడు ముక్కల్లోంచి ఐదు ముక్కలు లెక్కలోకి వస్తాయి. మీ ఐదు: ఆసు, ఆసు, పది, తొమ్మిది, ఆరు. వారివి: ఆసు, ఆసు, రాణి, పది, తొమ్మిది. జత సమానం కాబట్టి పక్క ముక్క చూస్తారు, వారి రాణి మీ పదిని కొట్టింది. దాన్ని కిక్కర్ అంటారు. అదే బల్ల మీద ఆసు, రాజు, రాణి, తొమ్మిది, నాలుగు ఉండి, మీ దగ్గర ఆసు-ఆరు, వారి దగ్గర ఆసు-ఎనిమిది ఉంటే ఇద్దరివీ ఆసు, ఆసు, రాజు, రాణి, తొమ్మిదే. అప్పుడు పాట్, అంటే బల్ల మధ్యలో చేరిన డబ్బు, సగం సగం.

రూలు తెలియడం ఒక ఎత్తు. ఆ హ్యాండ్‌లో నేర్చుకోవాల్సింది ఇంకోటి ఉంది. ఎదుటివ్యక్తి మొదట రైజ్ చేశారు, ఫ్లాప్ మీద బెట్ పెట్టారు, టర్న్ మీద పెట్టారు, రివర్ మీద కూడా పెట్టారు. చిన్న ఆటల్లో నాలుగుసార్లూ డబ్బు పెట్టేవాళ్ల దగ్గర ఆసు-ఆరుకు ఓడిపోయే ముక్కలు చాలా అరుదుగా ఉంటాయి. మీరు మీ ముక్కలు చూసి కాల్ చేశారు. వారి దగ్గర ఏముండొచ్చు అన్న ప్రశ్న రాలేదు. రమ్మీలో పక్కవాళ్లు ఏ ముక్క ఎత్తుకున్నారో, ఏది పడేశారో గమనించి వాళ్లకు కావలసిన ముక్క ఇవ్వకుండా ఆడతారు కదా, అదే చూపు ఇక్కడా కావాలి. ఇక్కడ పడేసే ముక్కలు ఉండవు, వాటి బదులు బెట్లు ఉంటాయి. ప్రతి బెట్‌కూ వారి దగ్గర ఉండగలిగే ముక్కల జాబితా కాస్త తగ్గుతూ పోవాలి. ఎదుటివ్యక్తి చేతిలో ఫలానా రెండు ముక్కలే ఉన్నాయని ఊహించకండి, ఏయే రకాలు ఉండొచ్చో అనుకోండి.

ఇంక లెక్క. ఇది భయపడాల్సిన లెక్క కాదు, కిరాణా కొట్టు లెక్కే. మీకు నాలుగు ఆఠీన్లు ఉన్నాయి, ఐదోది పడితే ఫ్లష్. ప్యాక్‌లో ఆఠీన్లు పదమూడు, నాలుగు కనిపిస్తున్నాయి, మిగిలినవి తొమ్మిది. ఈ తొమ్మిదిని ఔట్స్ అంటారు. ఇంకా ఒక్క ముక్కే రావాల్సి ఉంటే ఔట్స్‌ని రెండుతో గుణించండి, రెండు ముక్కలు రావాల్సి ఉంటే నాలుగుతో. తొమ్మిది రెళ్లు పద్దెనిమిది, నిజం లెక్క 19, 20 మధ్య. తొమ్మిది నాలుగులు ముప్ఫై ఆరు, నిజం 35. బల్ల దగ్గర కూర్చుని ఇంతకన్నా కచ్చితంగా తెలియాల్సిన అవసరం లేదు. రెండు వైపులా తెరిచి ఉన్న స్ట్రెయిట్‌కి ఎనిమిది ఔట్స్, మధ్యలో ఒక్క ముక్క లోటున్న దానికి నాలుగే.

టర్న్ అయింది, పాట్‌లో 12 డాలర్లు ఉన్నాయి, ఎదుటివ్యక్తి 6 డాలర్లు పెట్టారు అనుకుందాం. మీరు 6 పెడితే 18 గెలవొచ్చు. మీ 6తో కలిపి మొత్తం 24, అందులో మీ వాటా నాలుగోవంతు. అంటే నూటికి 25 సార్లు గెలిస్తేనే మీకు గిట్టుబాటు. మీ ఫ్లష్ పడేది నూటికి దాదాపు 20 సార్లు. వందసార్లు ఇదే పని చేస్తే 20 సార్లు 18 చొప్పున 360 వస్తాయి, 80 సార్లు 6 చొప్పున 480 పోతాయి, నికరంగా 120 డాలర్ల నష్టం. ఒకవేళ ఫ్లష్ పడ్డాక కూడా వారు ఇంకో 6 డాలర్ల బెట్‌కి కాల్ చేస్తారని మీకు గట్టిగా తెలిస్తే, 20 సార్లు 24 చొప్పున 480, లెక్క సమానం అవుతుంది. అదే వారు 6 బదులు 3 డాలర్లే పెట్టి ఉంటే 3 పెట్టి 15 గెలిచే అవకాశం, గిట్టడానికి నూటికి 17 సార్లు చాలు, హాయిగా కాల్ చేయండి. ముక్కలు అవే, ధర మారింది. కూరగాయల మార్కెట్‌లో టమాటా మంచిదా అని చూసి ఊరుకోం కదా, కిలో ఎంతో కూడా అడుగుతాం. ఫ్లష్ కోసం ఎదురుచూడటం మంచిదా చెడ్డదా అన్న ప్రశ్నకు ధర తెలియకుండా జవాబు లేదు.

"ఒకే గుర్తు కాబట్టి ఆడాను" అన్న మాట మీ ప్రశ్నలో మూడుచోట్ల ఉంది. చేతిలో రెండు ముక్కలు ఒకే గుర్తు ఉంటే ఫ్లాప్ మీద ఫ్లష్ పూర్తయ్యేది 119 సార్లకు ఒకసారి. చిన్న జతతో ఫ్లాప్ మీద మూడో ముక్క దొరికేది ఎనిమిదిన్నర సార్లకు ఒకసారి. ఆసు-రాజు లాంటి గొప్ప ముక్కలకు కూడా ఫ్లాప్ మీద మూడుసార్లలో రెండుసార్లు జత పడదు. ఈ మూడు అంకెలు గుర్తుంటే ఆశ తగ్గి చూపు స్పష్టంగా ఉంటుంది.

బ్లఫ్ (మంచి ముక్క లేకపోయినా ఉన్నట్టు డబ్బు పెట్టడం) గురించి అందరూ ముందు అడుగుతారు, నేను చివర చెబుతాను. 12 డాలర్ల పాట్‌కి 6 డాలర్ల బ్లఫ్ చేస్తే మూడుసార్లలో ఒకసారి కన్నా ఎక్కువ ఎదుటివ్యక్తి వదిలేస్తేనే లాభం. మీ శనివారం ఆటలో జనం వదలరని మీరే రాశారు. వదలనివాళ్ల మీద బ్లఫ్ చేయకండి, మంచి ముక్క ఉన్నప్పుడు ఎక్కువ పెట్టండి, అంతే. ముఖం చూసి, చేతులు వణకడం చూసి కనిపెట్టడం కూడా ఇప్పుడప్పుడే వద్దు. ఎంత పెట్టారు, ఎప్పుడు పెట్టారు అన్నది ముఖం కన్నా ఎక్కువ చెబుతుంది.

డబ్బు విషయంలో మాత్రం నా అనుభవం చెప్పకుండా వదలలేను. ఆడటం మొదలుపెట్టిన రెండో ఏడాది ఒక రాత్రి ఆసుల జత రివర్ మీద పోయింది. ఆటలో తప్పేమీ లేదు, అలా జరుగుతుంది. కానీ ఆ కోపంలో ఇంకో 100, ఇంకో 100 అంటూ తెల్లవారేసరికి 640 డాలర్లు పోగొట్టాను. అందులో 400 మా చెల్లి ఫీజు కోసం పక్కన పెట్టినవి. ఆ నెల స్నేహితుడి దగ్గర అప్పు చేసి పంపాను. ముక్కల వల్ల పోయింది మొదటి వందే, మిగతా 540 నా కోపం వల్ల పోయింది. ఆ తర్వాత నుంచి రాత్రికి రెండు బై-ఇన్‌లు (మొదట చిప్స్ కొనే డబ్బు) మించి ఇంట్లోంచి తీసుకెళ్లను, కార్డు కూడా ఇంట్లోనే పెడతాను. పోకర్ డబ్బు వేరే కవర్‌లో ఉంటుంది, అది అయిపోతే ఆ నెల ఆట లేదు. మీకైతే నెలకు 200 డాలర్ల కన్నా ఎక్కువ వద్దంటాను. అద్దె, లోను, ఇంటికి పంపే డబ్బు కలిసి ఉన్న ఖాతాలోంచి బల్ల దగ్గర కూర్చుని ఫోన్‌లో డబ్బు పంపే పని ఒక్కసారి కూడా చేయకండి. ఒక పెద్ద హ్యాండ్ పోయాక చెవులు వేడెక్కితే లేచి పది నిమిషాలు బయట నడవండి, హ్యాండ్లు పోతే పోనివ్వండి.

మీరున్న చోట ఆట గురించి రెండు మాటలు. రాబ్స్‌టౌన్ అనే చిన్న ఊరు ఈ ఆట పుట్టిన చోటని టెక్సాస్ శాసనసభ 2007లో గుర్తించింది. అయినా ఇక్కడి చట్టం జూదం విషయంలో కఠినమే. ఇంటి ఆటకు రక్షణ ఉండాలంటే అది ప్రైవేటు చోటు కావాలి, అందరికీ గెలుపోటముల అవకాశం సమానంగా ఉండాలి, ఆటలో గెలిచింది తప్ప ఎవరికీ వేరే ఆదాయం రాకూడదు. ఇంటివాళ్లు పాట్‌లోంచి వాటా తీస్తుంటే ఆ ఆటకు వెళ్లకండి. కార్డ్ రూములకు, అంటే వ్యాపారంగా పోకర్ ఆడించే చోట్లకు, ఇప్పుడే వెళ్లొద్దు. అక్కడ సాధారణంగా కూర్చున్న సమయానికి సీటు డబ్బు కట్టాలి, అతి చిన్న ఆట కూడా మీ శనివారం ఆటకు కొన్ని రెట్లు ఉంటుంది. ఎప్పుడైనా వెళితే ఒక్కటి గుర్తుంచుకోండి, హ్యాండ్ నడుస్తుండగా చాలాచోట్ల బల్ల దగ్గర ఇంగ్లీషు మాత్రమే మాట్లాడనిస్తారు. పక్కనున్న స్నేహితుడితో తెలుగులో "ఏం చేయమంటావ్" అన్నా కుమ్మక్కు అనుకుంటారు.

ఇండియాలో ఉండి ఇది చదివేవాళ్లకు: తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో తమ గేమింగ్ చట్టాలు సవరించి ఆన్‌లైన్‌లో డబ్బు పెట్టి ఆడటాన్ని నిషేధించాయి. 2025 ఆగస్టులో పార్లమెంటు దేశమంతటికీ వర్తించేలా ఆన్‌లైన్ డబ్బు ఆటల మీద నిషేధ చట్టం చేసింది. "ఇది స్కిల్ గేమ్" అన్న ప్రకటన చూసి దొంగదారి యాప్‌లలోకి వెళ్లకండి, అక్కడ డబ్బు ఇరుక్కుంటే అడగడానికి ఎవరూ ఉండరు. నేర్చుకోవడానికి డబ్బు అవసరం లేదు. నలుగురు కూర్చుని చింతగింజలతో ఆడినా ఇక్కడ రాసినవన్నీ నేర్చుకోవచ్చు.

ఇప్పుడు మీరు చేయాల్సిన పని. వచ్చే రెండు వారాలు శనివారం ఆటకు వెళ్లకండి. ఒక పేక తీసుకుని డైనింగ్ టేబుల్ మీద ఆరుగురికి రెండేసి ముక్కలు ముఖం పైకి పెట్టి పంచండి. ప్రతి సీటుకూ ఆడాలా వదలాలా చెప్పండి, తర్వాత ఫ్లాప్, టర్న్, రివర్ తిప్పండి. ప్రతి దశలో ఎవరు ముందున్నారు, వెనకున్నవాళ్లకు ఎన్ని ఔట్స్ ఉన్నాయి అన్నది పైకి చెప్పండి. రోజుకు ఇరవై పంపకాలు, అరగంట పని. వారం తిరిగేసరికి బల్ల మీద ఐదు ముక్కలు చూడగానే అక్కడ సాధ్యమయ్యే అతి పెద్ద చేయి ఏదో ఆలోచించకుండానే చెప్పగలుగుతారు. అది వచ్చాకే మళ్లీ శనివారం వెళ్లండి.

వెళ్లినప్పుడు జేబులో చిన్న పుస్తకం ఉంచుకోండి. ఫోన్ వద్దు, మెసేజ్‌లు చూస్తూ మిగతావాళ్ల ఆట చూడటం మానేస్తారు. రాత్రికి మూడు హ్యాండ్లు రాసుకోండి: పెద్దగా గెలిచింది ఒకటి, పెద్దగా పోయింది ఒకటి, వదిలేసి తర్వాత అనుమానపడింది ఒకటి. మర్నాడు పొద్దున్న ప్రశాంతంగా ఉన్నప్పుడు చూస్తే రాత్రి కనిపించనివి కనిపిస్తాయి. గెలిచిన హ్యాండ్‌లోనూ తప్పులు వెతకండి. మీ ప్రశ్నలో గర్వంగా రాసిన 38 డాలర్ల గెలుపు, ఆ తొమ్మిది-నాలుగు హ్యాండ్, నిజానికి మీరు ఆడకూడనిదే. పోయిన ఆసుల జతలో తప్పు రైజ్ చేయకపోవడం ఒక్కటే, ఆ ముక్కలతో ఉండటం సరైనదే.

నాలుగు శనివారాలు అలా రాశాక మీకు అర్థంకాని హ్యాండ్లు ఇక్కడే పెట్టండి, చూసి చెబుతాను. పెట్టేటప్పుడు మీరు ఏ సీటులో ఉన్నారు, పాట్ ఎంత ఉంది, ఎవరు ఎప్పుడు ఎంత పెట్టారు, ప్రతి ఒక్కరి ముందు ఎన్ని చిప్స్ ఉన్నాయి అన్నవి రాయండి. చివరికి ఎవరు గెలిచారో మాత్రం రాయకండి, అది తెలియకుండా చూస్తేనే నేను సరిగ్గా చెప్పగలను.